అచ్చు కొవ్వొత్తికి నడుమ గుంట పడకుండా ఏం చేయాలి?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. దీపావళికి పిల్లలతో కలిసి ఇంట్లోనే కొవ్వొత్తులు చేద్దామని అల్యూమినియం అచ్చు, నూలు వత్తి, 60 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్ మైనం తెచ్చాను (ఇక్కడి ఒడియా దుకాణాల్లో కొవ్వొత్తిని మహమబతి అని అడగాలి). మైనాన్ని నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉన్నందున, నీళ్లు మరిగే గిన్నెలో చిన్న స్టీలు గిన్నె ఉంచి కరిగించి, అచ్చు లోపల కొబ్బరినూనె పల్చగా రాసి, వత్తిని బిగించి, పిల్లలను దూరంగా కూర్చోబెట్టి నేనే పోశాను. మంట లేస్తే నీళ్లు పోయకూడదు కనుక, కప్పడానికి మూత కూడా పక్కనే పెట్టుకున్నాను.

అయినా చల్లారాక వత్తి చుట్టూ చిటికెన వేలు దూరేంత గుంట పడింది. చల్లారుతూ మైనం కుంచించుకుపోవడమే కారణమని తెలిసి మళ్లీ పోస్తే, అది కొవ్వొత్తికీ అచ్చుకూ మధ్య సందులోకి జారి, ఊడదీసేటప్పుడు అంచంతా పెచ్చులుగా లేచింది. రెండోసారి ఎప్పుడు పోయాలి, పైపొర కట్టగానేనా, పూర్తిగా గట్టిపడ్డాకనా? మొదట పోసిన మట్టం దాటకుండా ఆపితే సరిపోతుందా? రంగు కోసం క్రేయాన్ ముక్కలు వేస్తే వత్తి మూసుకుపోయి దీపం కొడిగట్టింది. వాటికి బదులు ఏది వాడాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.