కారు ఏసీ గాలి దిశ మారిస్తే డ్యాష్‌బోర్డు వెనక టకటక

ప్రశ్న (విజయనగరం): ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనక 10 సెకన్లు టకటకమంటోంది. గాలిని కాళ్ల నుంచి అద్దం వైపు మార్చినా అంతే. బ్లోయర్ (గాలి ఊదే ఫ్యాన్) మార్చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: వద్దు తమ్ముడూ. బ్లోయర్ మోత ఫ్యాన్ స్పీడుతో పాటు పెరుగుతుంది. ఫ్యాన్ 1లో పెట్టి ఒక్కో బటన్ నొక్కి చూడు. దిశ మార్చినప్పుడే మోగితే మోడ్ యాక్చుయేటర్, అంటే గాలి దారి మార్చే తలుపును తిప్పే చిన్న మోటారు. చల్లదనం మార్చినప్పుడైతే టెంపరేచర్‌ది. అనుమానమున్నదాని మీద వేలు ఆనిస్తే అదురు తెలుస్తుంది, కనెక్టర్ పీకితే మోత ఆగాలి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకు.

జవాబు: లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు విరిగితే మోటారు తిరుగుతుంది గానీ పళ్లు జారిపోతుంటాయి, ఆ చప్పుడే ఇది. కొత్తది కొనే ముందు యాక్చుయేటర్ విప్పి, గాలి తలుపు ఇరుసును చేత్తో తిప్పండి. ఇది చాలామంది వదిలేస్తారు. తలుపు బిగుసుకుని ఉంటే కొత్త గేరూ విరుగుతుంది. ఆకులో, పెన్నో అడ్డుపడి ఉండొచ్చు.

జవాబు (శ్రీకాకుళం): కొత్త యాక్చుయేటర్ తలుపు ఇరుసు గాడిలో కూర్చోకపోతే స్క్రూలతో లాగి బిగించొద్దు. బిగించాక ఇగ్నిషన్ ఆన్ చేసి నిమిషంపాటు ఏ బటనూ నొక్కొద్దు, చాలా బండ్లలో తలుపు ఎంతవరకు తిరుగుతుందో ఆ రెండు చివర్లూ యాక్చుయేటరే వెతుక్కుంటుంది. గ్రీజుతో సరిపెట్టకండి, విరిగిన పన్ను అతకదు.