భూటాన్‌లో ఆనందాన్ని ఎలా కొలుస్తారు? ఆ లెక్క దేనికైనా పనికొస్తుందా?

గ్రూప్స్ అభ్యర్థి
గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. దేశ ప్రగతిని జీడీపీతో కాకుండా జనం శ్రేయస్సుతో కొలవాలనే టాపిక్ రాగానే ప్రతి పుస్తకమూ భూటాన్ పేరు చెప్పి వదిలేస్తుంది. స్థూల జాతీయ ఆనందం, 9 రంగాలు, 33 సూచికలు అని బట్టీ పట్టాను. అసలు ఆనందాన్ని ఎలా కొలుస్తారో మాత్రం బుర్రకెక్కట్లేదు. అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లెక్కల మాస్టారు
కొలిచేదేముంది, అంతా ప్రచారం. ప్రపంచ ఆనంద నివేదికలో 2019లో భూటాన్ ర్యాంకు 95. అంత ఆనందంగా ఉంటే కుర్రాళ్లు ఆస్ట్రేలియాకి ఎందుకు క్యూ కడుతున్నారు?

సైట్ ఇంజినీర్
మాస్టారూ, ఆ నివేదిక వేరు, ఇది వేరు. అందులో ర్యాంకు ఇచ్చేది ఒక్క ప్రశ్న మీద: నీ జీవితానికి సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులు వేసుకుంటావు అని. భూటాన్ వాళ్ల సర్వే మనిషిని కూర్చోబెట్టి తీరిగ్గా అడుగుతుంది.

నేను పునత్సాంగ్‌ఛు జలవిద్యుత్ ప్రాజెక్టులో చేసేటప్పుడు వాంగ్‌దూ వైపు ఒక రైతు ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. 2015 సర్వేకి మా ఇంటికీ వచ్చారు. ఓనరమ్మ పొయ్యి మీద ఎమా దత్షి (మిరపకాయలూ జున్నూ కలిపి వండే కూర, మన గుంటూరు నాలుకైనా అదురుతుంది) చూసుకుంటూనే జవాబులు చెప్పింది. నాకు జోంగ్‌ఖా రాదు, పక్కనుంచి వాళ్లబ్బాయి హిందీలో చెప్తున్నాడు. ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు నిద్ర, కోపం ఎన్నిసార్లు వస్తోంది, జబ్బు చేస్తే చూసుకునేవాళ్లు ఎంతమంది. ఆ వరసలోనే, అడవి జంతువులు పంట పాడుచేశాయా అని. అంతదాకా పొడిపొడిగా మాట్లాడుతున్న మనిషి అక్కడ అందుకుంది చూడండి, గరిటె చేత్తో పట్టుకునే పందుల్ని తిట్టిపోసింది.

నాకు ఈ లెక్క మీద గురి కుదిరింది అక్కడే. కనీసం 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్న దేశం అది. అడవి ఉంటే పందులూ ఉంటాయి. పంట చేతికొచ్చే వేళ రాత్రంతా డబ్బా వాయిస్తూ కాపలా కాస్తే, జీడీపీలో మహా అయితే ధాన్యం తగ్గినట్టు తెలుస్తుంది. పోయిన నిద్ర తెలియదు. ఇక్కడ నిద్రకో గడి, పంట నష్టానికో గడి.

ఇక లెక్క. ప్రతి సూచికకీ 'ఇంత ఉంటే చాలు' అని ఒక గీత. నిద్రకి 8 గంటలు. గీత దాటాక ఎంత ఉన్నా అదనపు మార్కులుండవు, కాబట్టి ఆదాయం బోలెడుండి నిద్ర లేనివాడు ఒకదానితో ఇంకోదాన్ని పూడ్చుకోలేడు. గీత దాటిన సూచికలన్నీ కలిపి మొత్తంలో 66 శాతం దాటితే ఆ మనిషి ఆనందంగా ఉన్నట్టు. అలాంటివాళ్లు 2010లో 40.9 శాతం, 2015లో 43.4, 2022లో 48.1. 2015లో రైతులు మిగతావాళ్లకంటే, ఆడవాళ్లు మగవాళ్లకంటే వెనకబడ్డారని వాళ్లే రాసుకున్నారు. ప్రచారం కోసమైతే ఎవరూ అలా రాసుకోరు మాస్టారూ.

గ్రూప్స్ అభ్యర్థి
థాంక్స్ సర్, ఇప్పుడర్థమైంది. మరి ఆస్ట్రేలియా సంగతి?

సైట్ ఇంజినీర్
అది మాత్రం మాస్టారు చెప్పిందే రైటు. మా ఓనరమ్మ కొడుకు కూడా ఇప్పుడు పెర్త్‌లోనే ఉన్నాడు. ఆదాయం, ఇల్లు లాంటివన్నీ తొమ్మిది రంగాల్లో ఒక్కదాని కింద సర్దేశారు. పాతికేళ్ల కుర్రాడికి ముందు కావలసింది అదే. పైగా సర్వే అడిగేది ఊళ్లో మిగిలినవాళ్లనే. 1990లలో నేపాలీ మాట్లాడే లోత్‌షంపాలు లక్షమంది దాకా దేశం వదలాల్సొచ్చి నేపాల్ శిబిరాల్లో పడ్డారు. వాళ్లు ఈ లెక్కల్లోనే లేరు. జవాబులో ఇది తప్పకుండా రాయండి.

జీడీపీని వదిలేశారని మాత్రం రాయకండి. మనకు కరెంటు అమ్మితే వచ్చే డబ్బు వాళ్ల ఖజానాకి పెద్ద ఆధారం. అందుకే కదా మమ్మల్ని అక్కడికి పిలిచింది.