1994 మెటడోర్‌కి ట్రాక్స్ ఇంజిన్ వేయించొచ్చా?

పాలకొల్లు_టెంట్‌హౌస్:
అందరికీ నమస్కారం అండి. మా నాన్నగారు 1994లో కొన్న మెటడోర్ వ్యాన్ ఉంది, మా టెంట్ సామానంతా దాంట్లోనే తిరుగుతుంది. పోయిన నెల పెళ్లి సామాను దింపి వస్తుంటే నీళ్లు మరిగి ఆగిపోయింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది. హెడ్ గాస్కెట్టే అనుకుని హెడ్ దింపితే రెండో బోరు పక్కన బ్లాక్‌లో వెంట్రుకంత పగులు. మెకానిక్ రెండు దారులు చెప్పాడు: పాత జీపు మహీంద్రా డీఐ ఇంజిన్ తక్కువలో దొరుకుతుంది, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ప్లేటు చేయించి బిగిస్తానంటున్నాడు, లేదంటే టెంపో ట్రాక్స్ ఇంజిన్. బండి అమ్మేయడానికి నాన్నకి మనసొప్పట్లేదు, నాకూ అంతే. ఏది మంచిది?

ఆటోనగర్_బెజవాడ:
ట్రాక్స్‌దే వేయించండి తమ్ముడూ. రెండూ బజాజ్ టెంపో బళ్లే, రెండింట్లోనూ మెర్సిడెస్ ఓఎం616 ఇంజినే, 2399 సీసీ, టైమింగ్ చైన్‌తో నడిచేది. ఇప్పటి ట్రాక్స్‌లలో వచ్చే టర్బో ఇంజిన్ వేరు, దాని జోలికి వెళ్లొద్దు, పాత ట్రాక్స్‌దే చూడండి. అలాగని తెచ్చి దింపేస్తే కూర్చుంటుందనుకోకండి. మెటడోర్‌కి ముందు చక్రాలు లాగుతాయి, ట్రాక్స్‌కి వెనక చక్రాలు. అందుకని మీ పాత ఇంజిన్‌ని తుక్కుకి వేసేముందు రెండూ పక్కపక్కన పెట్టి సంపు (కింద ఆయిల్ ఉండే తొట్టి), మౌంటింగులు, ఫ్లైవీల్, బెల్ హౌసింగ్ (క్లచ్ మీద ఉండే డొప్ప) కొలిచి చూడండి, సరిపోనివన్నీ పాతదాంట్లోంచే మార్చుకోవాలి. డీఐ అయితే గేర్‌బాక్స్ దగ్గరే పని మొదలు, ప్లేటు సెంటర్ కొంచెం తప్పినా క్లచ్ ప్లేట్లు తినేస్తుంది, దాని వణుకు ఆ బాడీకి పడదు.

ఇంకోటి, నేల మీద పడేసి అమ్మే ఇంజిన్ కొనొద్దు. బండిలో ఉండగా స్టార్ట్ చేయించి, ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి తలకిందులుగా ఆ కన్నం మీదే పెట్టండి. మూత కదలకుండానో, కాస్త ఊగుతూనో ఉంటే ఫర్వాలేదు. ఎగిరి పడిందంటే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టే. తర్వాత సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి, మంచి ఇంజిన్‌కి 22 నుంచి 24 బార్ వస్తుంది, 15 కన్నా తగ్గితే వదిలేయండి. సిలిండర్‌కీ సిలిండర్‌కీ 3 బార్ కంటే తేడా ఉండకూడదు.

కాకినాడ_ఆర్సీ_పనులు:
ఆయన పని గురించి చెప్పారు, నేను కాగితాల గురించి చెప్తాను. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. ముందే ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోండి. ఇంజిన్ అమ్మినాయన దగ్గర బిల్లూ, అది ఏ బండిదో ఆ ఆర్సీ కాపీ తప్పకుండా తీసుకోండి, ఆ నంబరు దొంగ బండిదైతే మీ వ్యానే సీజ్ అవుతుంది. వ్యాన్ మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఒప్పుకోలు కూడా కావాలి. డీఐ వేస్తే ఇంజిన్ కంపెనీయే మారిపోతుంది, అప్పుడు అనుమతి రావడం చాలా కష్టం. మాకు తెలిసినాయన ఒకరు చెప్పకుండా మార్పించుకున్నారు, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్తే ఛాసిస్ నంబరు సరిపోయింది, ఇంజిన్ నంబరు సరిపోలేదు, నాలుగు నెలలు బండి షెడ్డులోనే ఉంది.

పాలకొల్లు_టెంట్‌హౌస్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. నిన్న తణుకులో ఒక ట్రాక్స్ చూశాం, బాడీ తుప్పు పట్టింది గానీ ఇంజిన్ స్టార్ట్ అయింది. మూత పెట్టి చూశాను, కదిలింది గానీ పడలేదు. గేజ్‌లో 21, 22, 20, 21 వచ్చాయి. ఆర్సీ కాపీ ఇస్తానన్నాడు. సోమవారం నాన్నని తీసుకుని ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తున్నాం, అనుమతి వచ్చేదాకా అడ్వాన్స్ మాత్రమే ఇస్తాను. ఆటోనగర్ అన్నా, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సందు) ఎంత పెట్టమనాలి?

ఆటోనగర్_బెజవాడ:
ఆ నంబర్లు బాగున్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. బిగించేముందే చైన్ సాగిందేమో చూపించండి, బండిలోకి దిగాక అది పెద్ద పని.