‘సవతి కూతురు’ అనే మాట ఇక్కడ సరిపోతుందా?

మాక్స్ బ్రోడ్ అనగానే, రచయిత కాఫ్కా కాల్చేయమన్న రాతప్రతులను కాల్చకుండా అచ్చు వేయించిన స్నేహితుడిగానే గుర్తొస్తాడు. ప్రాగ్‌లో యూదు కుటుంబంలో 1884లో పుట్టాడు. న్యాయశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు, తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ జర్మన్‌లో నవలలు రాశాడు. చెక్ నుంచి అనువాదాలూ చేశాడు. అందులో ఒక సంగీత నాటకం శీర్షికను తెలుగులో ఏమనాలా అన్న ప్రశ్న నన్ను కొన్నాళ్లుగా వదలడం లేదు.

చెక్ స్వరకర్త యానాచెక్ రాసిన ఆ నాటకం 1904లో బ్ర్నో నగరంలో మొదట ఆడినప్పుడు దాని పేరు ‘యెయీ పాస్తొర్కిన్యా’. ‘ఆమె సవతి కూతురు’ అని అర్థం. బ్రోడ్ జర్మన్ పాఠంతో 1918లో వియన్నాలో ఆడినప్పుడు ఆ కూతురి పేరుతో ‘యెనూఫా’ అయింది. ఇప్పుడు లోకానికి తెలిసింది ఆ పేరే. అమ్మాయి మిగిలింది, ‘ఆమె’ పోయింది.

ఆ ‘ఆమె’ ఊరి చర్చి బాగోగులు చూసే కొస్తెల్నిచ్కా. భర్త మొదటి భార్య కూతురిని ప్రాణంగా పెంచింది. పెళ్లికాని ఆ పిల్లకు బిడ్డ పుడితే, పిల్ల బతుకు పాడవకూడదని ఆ పసికందును గడ్డకట్టిన ఏటి పాలు చేసింది. కథ బరువంతా ఈమె మీదే ఉంది. అందుకే శీర్షికలో ఈమె లేకపోవడం నాకు పెద్ద లోటు.

కానీ తెలుగులో ‘సవతి’ అన్నామా, అన్నం పెట్టని తల్లి కళ్ల ముందు నిలబడుతుంది. నిధులివ్వని ప్రభుత్వాన్ని కూడా పత్రికలు ‘సవతి తల్లి ప్రేమ’ అనే తిడతాయి. ప్రేమతోనే నేరం చేసిన మనిషికి ఆ మాట అన్యాయం. ‘మారుతల్లి’ మెత్తగా ఉంది గానీ, కూతురి వైపు నుంచి దానికి జత మాట కావాలి. ఏమంటారు?

జవాబు: ‘పెంపుడు కూతురు’ అనవచ్చు కదండీ?

జవాబు (అడిగింది నేనే): పెంపుడు అంటే దత్తత అనుకుంటారండీ. మీ మాటలోని ధాతువు మాత్రం సరైనదే. ‘ఆమె పెంచిన బిడ్డ’ అంటే? ‘ఆమె’ కూడా తిరిగి వస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. బ్రోడ్ అనువాదం చదివి కాఫ్కా 1917లో ఉత్తరం రాశాడు. అందులో ఒక వాక్యాన్ని పట్టుకుని, ఇది జర్మన్లు కాని మన తల్లుల నోట విన్న జర్మన్ కాదా అని అడిగాడు. ఇద్దరికీ రాత భాష జర్మనే. అయినా చెవిలో మిగిలింది అమ్మ మాట్లాడిన తీరు. అనువాదంలో బంధుత్వపు మాటలు తూచేటప్పుడు నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

జవాబు: మూడో అంకం చూశారా? నేరం ఒప్పుకొని నేల మీద పడిన తల్లిని యెనూఫా ‘పెస్టౌంకో’ అని పిలిచి లేవమంటుంది. పెంచిన స్త్రీని అనే మాట అది. మీ ‘పెంచిన’ నాటకంలోనే ఉంది.

జవాబు (అడిగింది నేనే): అయితే అక్కడ ‘లే, నన్ను పెంచిన అమ్మా’ అని రాస్తాను.