వెన్నుపాము దెబ్బ: రెండున్నర లక్షలకు సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

ముమ్మిడివరం తమ్ముడు
అందరికీ నమస్కారం అండి. మా బావకి 34 ఏళ్లు, కొబ్బరి దింపు కార్మికుడు. 216 హైవే మీద బైక్‌పై ఇంటికొస్తుంటే వెనక నుంచి కారు గుద్దేసింది. డి12 దగ్గర, అంటే నడుముకి కాస్త పైన, వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగిందన్నారు. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుము కింద స్పర్శ లేదు. ఇన్సూరెన్స్ తరఫున అంటూ ఒకాయన వచ్చి, తప్పెవరిదో తేల్చక్కర్లేదు, రెండున్నర లక్షలు త్వరగా వస్తాయి, సంతకం పెట్టమంటున్నాడు. చేతిలో డబ్బు లేక అక్క సరే అంటోంది. మళ్లీ నడుస్తాడా అంటే ఎవరూ తేల్చి చెప్పట్లేదు.

రాజోలు ఫిజియో
తేల్చి చెప్పకపోవడంలో డాక్టర్ల తప్పు లేదండి. దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, కింద భాగమంతా మొద్దుబారిపోతుంది. అది దిగాకే అసలు నష్టం ఎంతో బయటపడుతుంది. వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో చెప్పడానికి ఏషియా స్కేల్ (ASIA) అని ఎ నుంచి ఇ వరకు గ్రేడు ఇస్తారు, ఎ అంటే పూర్తి నష్టం, ఇ అంటే మామూలు స్థితి. మలద్వారం దగ్గర స్పర్శ గానీ బిగింపు గానీ ఏ కాస్త ఉన్నా అది పూర్తిగా తెగిన కేసు కింద రాదు, ఆశ ఎక్కువ. డిశ్చార్జి కాగితంలో ఆ గ్రేడు రాయించుకోండి, కేసుకీ పనికొస్తుంది.

ఇంట్లో అసలు శత్రువు పుండు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా. రోజూ మడమలు, పిరుదుల మధ్య ఎముక, తుంటి చూడండి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే, ఆ వైపు అసలు పడుకోబెట్టకండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో చూడాలి. వేడినీళ్ల సంచి మాత్రం కాళ్లకి పెట్టొద్దు, కాలినా ఆయనకి తెలియదు.

పాలకొల్లు అక్క
తమ్ముడూ, ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని మీ అక్కకి నా మాటగా చెప్పు. మా ఆయనదీ రోడ్డు ప్రమాదమే, ఇప్పుడు వీల్‌చైర్‌లోనే. యూరిన్ పైపులు, డైపర్లు, మధ్యలో ఇన్‌ఫెక్షన్ వస్తే మందులు, ఇవి ఆగే ఖర్చులు కావు. నేను పనికి వెళ్లలేకపోతున్నాను, అదీ నష్టమే కదా. రెండున్నర లక్షలు ఎంతకాలం వస్తాయి?

భీమవరం గుమాస్తా
వకీలు ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా. ఆయన చూపిస్తున్నది మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, అంతే. అది తీసుకుంటే 166 సెక్షన్ కింద ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్ రద్దయిపోతుంది. ఈ ముక్క ఆయన చెప్పి ఉండడు.

166 కింద లెక్క వేరు. నెలకి 15,000 సంపాదన రుజువైందనుకోండి. 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 21,000, ఏడాదికి 2,52,000. ఏడాది నష్టాన్ని వయసుని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు, 34 ఏళ్లకి అది 16. అంటే 40,32,000. ఆసుపత్రి బిల్లులు, మనిషి సాయం ఖర్చు, బాధకి పరిహారం వేరేగా వస్తాయి. ఇంట్లో భార్యే చూసుకుంటున్నా ఆ చాకిరీకి విలువ కట్టమని అడగాలి.

డాక్టర్లిచ్చే వైకల్య సర్టిఫికెట్‌లో 70 శాతం అని రాస్తే సంపాదన నష్టం కూడా 70 శాతమే అని అవతలివాళ్లు వాదిస్తారు. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: శరీరం ఎంత పోయింది అన్నది కాదు, ఆ మనిషి చేసే పని ఎంత పోయింది అన్నది చూడాలి. కాళ్లు లేకుండా చెట్టెక్కేది ఎలా? దింపు కార్మికుడికి అది నూటికి నూరు. ఆయన చేత దింపించుకున్న రైతులు, కాయ కొన్న వ్యాపారి వచ్చి కూలి ఎంతో సాక్ష్యం చెప్పాలి. ఇప్పుడే వాళ్లతో మాట్లాడి ఉంచుకోండి.

ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన, కాబట్టి ఆలస్యం వద్దు. మీరుండే ఊరి పరిధిలోనే వేయొచ్చు. ఎఫ్‌ఐఆర్, ఊండ్ సర్టిఫికెట్ (గాయాల మీద డాక్టరిచ్చేది), ఎంవీఐ రిపోర్టు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండి చూసి ఇచ్చేది), కారు పాలసీ కాపీ స్టేషన్‌లో తీసుకోండి. ఫీజు కట్టలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ వకీలుని ఉచితంగా ఇస్తుంది, దివ్యాంగులకి అది హక్కు.

అంబాజీపేట రైతు
చెట్టు మీంచి పడినవాళ్లకి ఈ దారి లేదండి, మోటారు వాహనం ఉండాలి. వాళ్లకి కొబ్బరి బోర్డు వారి కేరా సురక్ష బీమా ఉంది, ముందుగా చేరి ఉంటేనే. మా దగ్గర దింపుకొచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు. రైతులం మనమే కట్టించాలి.

పాలకొల్లు అక్క
వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరంలో స్లాట్ కూడా బుక్ చేయించు. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి పింఛను నెలకి 15,000, మామూలు దివ్యాంగుల పింఛను 6,000. దరఖాస్తులో ఏ కేటగిరీ రాశారో సచివాలయంలో నీ కళ్లతో చూసుకో.

ముమ్మిడివరం తమ్ముడు
అక్కకి అన్నీ చదివి వినిపించానండి. సంతకం పెట్టం అని ఆయనకి చెప్పేశాం. రేపు స్టేషన్‌కి వెళ్తున్నా. అమలాపురం వైపు పుండ్లు పడకుండా వేసే ఎయిర్ బెడ్ అద్దెకి ఇచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా?

రాజోలు ఫిజియో
నాకు మెసేజ్ పెట్టండి, నా పేషెంట్ ఒకరి దగ్గర ఖాళీగా ఉంది. మోటారు పనిచేస్తోందో లేదో చూసి పంపిస్తాను.