పంటికి ఫిల్లింగ్ అతికించే సింగిల్ బాటిల్ బాండ్ క్యూర్ అయ్యాక (లైట్‌తో గట్టిపడ్డాక) కూడా నీరు దాటుతుందా?

పెదవాల్తేరు_పీజీ: వన్ స్టెప్ సెల్ఫ్ ఎచ్ బాండ్ (విడిగా యాసిడ్ పెట్టకుండా ఒకే సీసాతో అయిపోయేది) వేసి, క్యూర్ చేసి, మీద డ్యూయల్ క్యూర్ కోర్ (లైట్‌తోనూ, తనంతట తానూ గట్టిపడే కాంపోజిట్ దిమ్మ) కడితే ఊడొస్తోంది. బాండ్ డెంటిన్ (ఎనామెల్ కింది పొర) మీదే ఉంటోంది, కోర్ మాత్రం విడిపోతోంది. డెంటిన్‌లోని ట్యూబ్యూల్స్ (సన్నటి గొట్టాలు) మూసుకుపోయాయి కదా, ఇంకెక్కడ లోపం సార్?

రుషికొండ_ఎండో: మూసుకుపోలేదు, చిక్కంతా అక్కడే. నీళ్లు, హెమా (నీటిని పట్టుకునే మోనోమర్, అంటే గట్టిపడి రెజిన్ అయ్యే చిన్న అణువు), యాసిడ్ మోనోమర్లు అన్నీ ఆ ఒక్క సీసాలోనే. అందుకే గట్టిపడ్డాక కూడా ఆ పొర నీటిని దాటనిస్తుందని టే, పాష్లీ పరిశోధక బృందం 2002లోనే చూపించింది. పల్ప్ (పంటి లోపలి మెత్తటి కణజాలం) పీడనం దాదాపు 15 సెం.మీ. నీటి మట్టం, అది నీటిని బయటికి నెడుతుంది. దానికితోడు పైన క్యూర్ కాకుండా మిగిలిన మోనోమర్ ఆస్మాసిస్‌తో నీటిని లాగుతుంది. కాంపోజిట్ గట్టిపడేలోపే మధ్యలో సన్నటి నీటి బొబ్బలు. లైట్ వెంటనే కొడితే వాటికి టైమ్ ఉండదు, డ్యూయల్ క్యూర్‌ని దాని మానాన వదిలేస్తే నిమిషాలు దొరుకుతాయి. పైగా అదే పై పొరలోని యాసిడ్ మోనోమర్ కోర్‌లో గట్టిపడటాన్ని మొదలుపెట్టే టెర్షియరీ అమీన్‌ని పనిచేయనివ్వదు. రెండు దెబ్బలూ ఒకేచోట!

గాజువాక_క్లినిక్: లోతు కూడా చూడండి. ఎనామెల్ అంచున చ.మి.మీ.కి సుమారు 20,000 ట్యూబ్యూల్స్, వ్యాసం మైక్రాన్ లోపు. పల్ప్ దగ్గర 45,000 దాకా, 2.5 మైక్రాన్లు. వ్యాసం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లు. స్మియర్ లేయర్ (డ్రిల్ చేసినప్పుడు డెంటిన్ మీద అంటుకునే పొడి పొర) ఉన్నంతసేపు చాలావరకు ఆగుతుంది, 37% ఫాస్ఫారిక్ యాసిడ్ 15 సెకన్లు పెట్టామా, మూతలు తీసేసినట్టే. డీప్ డెంటిన్‌లో ఈ యాసిడ్ ఎచ్ ఎనామెల్‌కే పరిమితం చేయండి.

పెదవాల్తేరు_పీజీ: మరి ఉన్న బాండ్‌తోనే ఎలా సర్దుకోవాలి?

రుషికొండ_ఎండో: 20 సెకన్లు రుద్దండి. మొదట మెల్లగా గాలి, తర్వాత పొర కదలడం ఆగేదాకా గట్టిగా. క్యూర్. ఆపైన సాల్వెంట్ లేని హైడ్రోఫోబిక్ (నీటిని చేరనివ్వని) రెజిన్ పలచగా వేసి మళ్లీ క్యూర్. టూ స్టెప్ సెల్ఫ్ ఎచ్‌లో రెండో సీసా చేసే పని ఇదే, కొత్తగా కొనేవాళ్లు అదే తీసుకుంటే గొడవ వదిలిపోతుంది.

మేడమ్_ప్రాస్థో: పలచగా అన్న మాట మరవకండి. మూలల్లో గుంట కట్టిందంటే ఎక్స్‌రేలో నల్లగీత పడుతుంది, సెకండరీ కేరీస్ (ఫిల్లింగ్ కింద మళ్లీ పుచ్చు) అనుకుని ఎవరో మళ్లీ తవ్వుతారు. ఇన్లేకైతే (బయట తయారుచేసి అతికించే ఫిల్లింగ్) సిమెంటేషన్ రోజు ఈ మందం అడ్డొస్తుంది. ఇంప్రెషన్‌కి (పంటి అచ్చు తీయడానికి) ముందే డెంటిన్ సీల్ చేసేయండి.

గాజువాక_క్లినిక్: మన విశాఖ ఉక్కలో ఇంకోటి. పంటికి ఉమ్మి తగలకుండా కట్టే రబ్బర్ డ్యామ్ సరే, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదిలేస్తున్నారా? త్రీ వే సిరింజి (గాలి, నీరు కొట్టేది) గాలిని మౌత్ మిర్రర్ మీద కొట్టి చూడండి. తుంపర పడితే బాండ్ ఆరబెడుతున్నట్టు కాదు, తడుపుతున్నట్టు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి, అసిటోన్ బాండ్ అయితే చుక్క తీసిన వెంటనే మూత బిగించాలి.

పెదవాల్తేరు_పీజీ: మిర్రర్ మీద తుంపర కనిపిస్తోంది సార్. ఫిల్టర్ మారిస్తే చాలా?

గాజువాక_క్లినిక్: ముందు ట్యాంకు కింద వాల్వ్ తిప్పి నీళ్లు వదలండి. అప్పటికీ పడితే లైన్‌లో డ్రయర్ పెట్టించాలి.