ఇంటి బ్యాకప్‌కి నాస్ పెట్టె కొనాలా, రెండు యూఎస్‌బీ డిస్కులు చాలవా?

వేదాయపాళెం: ఇంట్లో రెండు ల్యాప్‌టాపులు, నాలుగు ఫోన్లు. పిల్లల ఫోటోలు, వీడియోలు, నాన్న పొలం కాగితాల స్కాన్లు అన్నీ కలిపి ఒకటిన్నర టీబీ ఉంటాయి. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచితానికి లెక్క పెట్టింది కదా, 15 జీబీ నిండిందని మా ఆవిడ ఫోను రోజూ సణుగుతానే ఉంది. పాత డిస్కేమో వారం నుంచి టిక్కు టిక్కుమంటోంది. నాస్ అంటే డిస్కులు లోపల పెట్టి ఇంటి రౌటర్‌కి తగిలించే పెట్టె, అందరి ఫైళ్ళూ అందులో దాచుకోవచ్చు. వాటిలో సైనాలజీ డీఎస్223జె, క్యూనాప్ టీఎస్-233 చూసి పెట్టుకున్నా. బడ్జెట్ 25 వేలు. మా బామ్మర్ది మాత్రం "దండగ బావా, రెండు యూఎస్‌బీ డిస్కులు కొనుక్కో" అంటాడు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు గిత్త: బామ్మర్ది మాటే. ఆ పెట్టెలు ఖాళీగా వస్తాయి అన్నా. లోపల పెట్టే డిస్కులకి మళ్ళీ అంత డబ్బు కావాలి. నీ 25 వేలు యాడికీ రావు.

పెన్న గట్టు: గిత్తా, లెక్క సరే, మనిషి సంగతేంది? నేనూ రెండు డిస్కుల బాపతే. ప్రతి ఆదివారం కాపీ చేస్తానని ఉగాదికి మొదలుపెట్టా. మళ్ళీ గుర్తొచ్చింది దసరాకి, అదీ ల్యాప్‌టాప్ చచ్చాక. ఆ ఆర్నెల్లలోనే మా పాప అన్నప్రాశన. ఇప్పుడు నా దగ్గరున్నవి బంధువుల వాట్సాప్ నుంచి ఏరుకున్న మసక ఫోటోలు. నాస్ పెట్టుకున్నాక రాత్రి రెండింటికి దానంతటదే లాగేసుకుంటది. నాకు ఆదివారం గుర్తుండక్కర్లేదు.

ఒంగోలు గిత్త: ఇంట్లో మూల పడున్న పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఆ పనీ ఉచితంగానే అవుద్ది.

కందుకూరోడు: (ఏ జిల్లా అని అడగొద్దు. 2022లో మమ్మల్ని తీసుకుపోయి నెల్లూరులో కలిపారు, అప్పట్నుంచీ చెప్పడం మానేశా.) పాత డెస్క్‌టాప్ 70 వాట్లు తాగిందనుకో, పగలూ రాత్రీ నడిస్తే నెలకి 50 యూనిట్లు. చిన్న నాస్ 16 వాట్ల దగ్గర ఉంటది, 12 యూనిట్లు కూడా కాదు. గిత్తా, ఆ ఉచితం కరెంటు బిల్లులో కనపడుద్ది.

కోవూరు పిల్లకాలవ: మీరిద్దరూ ఎంత కొట్టుకున్నా నా కథ వినండి. 2021 నవంబరు, పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయిన రోజులు. మా హాల్లో మోకాల్లోతు నీళ్ళు. టీవీ బల్ల కింద అరలో ఒక డిస్కు, దానికి ఆనించి దాని కాపీ ఉన్న రెండో డిస్కు. నీళ్ళు తీశాక చూస్తే కేబుల్ దూర్చే చోట ఒండ్రు గట్టిపడిపోయి ఉంది. అగ్గిపుల్లతో గీకితే మట్టితోబాటు లోపలి రేకు ఊడొచ్చింది. రెండూ ఒకేసారి పోయినాయి. నాస్ అయినా అదే అరలో పెట్టేవాణ్ణి, అదీ పోయేది.

ఒంగోలు గిత్త: నేను చెప్పేదీ అదేగా సామీ! యూఎస్‌బీ డిస్కయితే గుడ్డలో చుట్టి బస్సెక్కించొచ్చు.

కందుకూరోడు: ఈ ఒక్క మాటకి గిత్తతో కలుస్తా. వేదాయపాళెం అన్నా, రెండు అరల పెట్టెలో రెండు డిస్కులు జంటగా నడిపితే ఒకటి చెడినా రెండోది ఆదుకుంటది, అంతవరకే. మావాడు గేముకి చోటు కావాలని "పెళ్ళి" అనే ఫోల్డరు కొట్టేశాడు. అదే సెకనులో రెండు డిస్కుల్లోనూ పోయింది. దాన్ని బ్యాకప్ అనరు. నన్నడిగితే పెట్టెలో ఇప్పుడు ఒక్క డిస్కే పెట్టు, రెండో అర ఖాళీగా వదిలెయ్. ఆ డబ్బుతో ఒక యూఎస్‌బీ డిస్కు కొని, పాస్‌వర్డుతో తాళం వేసి వేరే ఊళ్ళో దాచు.

డిస్కు కొనేటప్పుడు అది ఎస్‌ఎంఆర్ రకమా (డేటా గీతల్ని పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కించి రాసేది) సీఎంఆర్ రకమా (పక్కపక్కన విడిగా రాసేది) అని చూడు. 2020లో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ రెడ్ డిస్కుల్లో కొన్ని చెప్పాపెట్టకుండా ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గోలయింది. ఎస్‌ఎంఆర్‌లో రాసినదాని మీద మళ్ళీ రాయాలంటే నత్తనడకే. రెడ్ ప్లస్ సీఎంఆర్.

ఇంకోటి, బయటినుంచి చూసుకోవాలన్న ఆశతో రౌటర్లో పోర్టులు (బయటివాళ్ళు లోపలికొచ్చే దారులు) తెరవమాకు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే డబ్బు గుంజే వైరస్ వచ్చి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన క్యూనాప్ పెట్టెల్ని తాళమేసి బిట్‌కాయిన్ అడిగింది. అంతకు ముందేడు జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ డిస్కులు ఎవరో దూరాన్నుంచే తుడిచిపారేశారు. తప్పనిసరైతే టెయిల్‌స్కేల్ లాంటి యాప్ వాడు, పోర్టులు తెరవకుండానే ఇంటి పెట్టెకి రహస్య దారి వేస్తది.

పెన్న గట్టు: కేబుల్ సంగతి కూడా చెప్పు. నేను మొదటిసారి ఒకటిన్నర టీబీ ఎక్కిస్తే ఒకటిన్నర రోజు పట్టింది. పెట్టెని తిట్టుకున్నా. చూస్తే ఇంటర్నెట్ వాళ్ళిచ్చిన రౌటర్లో కేబుల్ గుచ్చే పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్, నేను గుచ్చింది వంద మెగాబిట్లది. సెకనుకి 11 ఎంబీ వచ్చేది, వైరు ఆ గిగాబిట్ పోర్టుకి మార్చగానే 110 దగ్గరికెళ్ళింది. అదే పని నాలుగ్గంటలు.

కోవూరు పిల్లకాలవ: ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటది, అది యూపీఎస్ వైపుందో లేదో చూసుకో. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా పెట్టె ఆగి మళ్ళీ లేస్తది.

వేదాయపాళెం: చూశా, మాది నార్మల్‌లోనే ఉంది. ఐదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. సరే, పెట్టె, ఒక డిస్కు, ఒక యూఎస్‌బీ. 25 దాటుద్ది, మా ఆవిణ్ణి అడగాలి. యూఎస్‌బీది కనిగిరిలో మా అక్క బీరువాలో పెడతా, పండక్కి పోయినప్పుడల్లా తెచ్చి కొత్తవి ఎక్కిస్తా.

ఒంగోలు గిత్త: పండక్కి గుర్తుంటదా? చూద్దాంలే. అన్నీ మాట్లాడుకున్నాం గానీ అన్నా, ఆ టిక్కు టిక్కు డిస్కులోంచి పొలం కాగితాలు తీశావా?

వేదాయపాళెం: ఇప్పుడే పెట్టా. టేబుల్ ఫ్యాన్ దానికెదురుగా పెట్టి కూర్చున్నా. కాగితాల ఫోల్డరు వచ్చేసింది. వీడియోలు 38 శాతం దగ్గర ఆగి ఉన్నాయి.

పెన్న గట్టు: ఆగిందంటే ఇక బలవంతం చెయ్యమాకు. తీసెయ్.